మంద రక్షణయే పశురక్షణ
(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పశుపోషకులను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల రైతునకు పంట ఒక యేడు చేతికి వచ్చును, ఒక యేడు రాదు. మంజీర నదిపై 1923 మొదలు 1931 వఱకు నిర్మించిన నిజాంసాగరు మనకు చేరువనే ఉన్నను, దాని కాలువల నీరు దిగువ పొలములకే పాఱును. ఎగువ పల్లెలలో పెక్కు చెఱువులను, బావులను, వానలను నమ్ముకొన్నవే. వాన మొగము చాటుచేసిన యేట ఇల్లు గడచునది కొట్టములోని బఱ్ఱె పాలతోను, దొడ్డిలోని గొఱ్ఱెపిల్లలతోను. బిడ్డ పెండ్లికైనను, పిల్లవాని చదువునకైనను, అప్పు తీర్చుటకైనను రైతు మొదట అంగడికి తోలుకొని పోవునది వీనినే. కావున అంటురోగము వచ్చి పశువు పడిపోయినచో, అది ఒక పంట పోవుటతో సమానము కాదు. పంట పోయిన పిమ్మట మిగిలిన ఆధారము కూడ పోవుట.

2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము తెలంగాణ రాష్ట్రమున 1 కోటి 90 లక్షలకు పైగా గొఱ్ఱెలు కలవు. గొఱ్ఱెల సంఖ్యలో దేశమునందు మనదే ప్రథమ స్థానము. భారతదేశములోని ప్రతి నాలుగు గొఱ్ఱెలలో ఒకటి మన రాష్ట్రమున మేయుచున్నదన్న మాట. ఇంతటి సంపదను కాపాడుకొనుట ఎట్లు అను విషయమునే నేడు మీతో ముచ్చటింపదలచితిమి. మేము పశువైద్యులము కాము. ప్రచార శాఖకు చెందినవారము. పరిశోధకులు ప్రయోగశాలలో కనుగొన్న దానిని పల్లెకు తెలియజేయుట, పల్లెవారి సందేహములను విని సమాధానము చెప్పుట మా పని.

కంటికి కనబడని శత్రువు

గాలికుంటు వ్యాధిని మీలో ఎఱుగనివారు లేరు. నోట పుండ్లు, గిట్టల నడుమ పుండ్లు, చొంగ, కుంటు. పాడి పశువు పాలు పడిపోవును, ఎద్దు కాడికి రాదు, లేగదూడలు ఉన్నట్టుండి చనిపోవును. ఈ రోగమునకు కారణమేమో 1898లో జర్మనీ శాస్త్రజ్ఞులు లోఫ్లర్, ఫ్రాష్ అనువారు వెదకిరి. సామాన్య సూక్ష్మజీవులను ఆపివేయు వడపోత గుండా పంపినను రోగపు ద్రవము రోగమును కలిగించుచునే ఉండెను. అంత సూక్ష్మమైన క్రిమి అది. దానినే వైరసు అందురు. జంతువులకు రోగము కలిగించు వైరసులలో మొట్టమొదట కనుగొనబడినది ఇదియే. ఇది రోగి పశువు చొంగ ద్వారా, మేత ద్వారా, మనిషి కాళ్ళ ద్వారా, తుదకు గాలి ద్వారా కూడ వ్యాపించును. ప్రయోగశాలలు లేని నాడే మన పెద్దలు దీనిని గాలికుంటు అని పిలిచిరి. గాలి, కుంటు అను రెండు మాటలలో రోగము వచ్చు దారిని, రోగ లక్షణమును కూడ చెప్పిరి.

మఱియొక సంగతి కూడ పెద్దలు గమనించిరి. కొన్ని రోగములు ఒకసారి వచ్చి బ్రతికిన పశువునకు మరల రావు. దీనికి కారణము పశువు రక్తములో ఉన్నది. క్రిమి లోనికి వచ్చినపుడు శరీరము దానిని గుర్తించి, దానిని పట్టి బంధించు ప్రత్యేక పదార్థములను తయారు చేయును. వీనిని ప్రతిరక్షకములు అందురు. శత్రువు పోయిన తరువాత కూడ ఆ జ్ఞాపకము శరీరమున మిగిలియుండును. మరల అదే శత్రువు వచ్చినచో వాకిటనే పట్టుకొనును. ఇదియే వ్యాధి నిరోధక శక్తి.

అసలు రోగము తెప్పించకుండ ఈ జ్ఞాపకమును మాత్రము కలిగించుటయే టీకా. చంపిన క్రిమిని గాని, బలము తగ్గించిన క్రిమిని గాని, దానికి దగ్గఱి చుట్టమైన మఱియొక క్రిమిని గాని ఇచ్చి శరీరమునకు ముందుగా పరిచయము చేయుదురు. 1796లో ఇంగ్లండున ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల పొదుగు మీద వచ్చు మశూచి పొక్కుల రసముతో మనుష్యులను మశూచి నుండి కాపాడెను. ఇంగ్లీషున టీకాను పిలుచు పేరే లాటిన్ భాషలో ఆవును తెలుపు పదమునుండి పుట్టినది. ఆ ఉపాయము నేటికిని పాతబడలేదు. 2019లో మన దేశమున తొలిసారి కనబడి, 2022లో రాజస్థాన్, గుజరాత్ మొదలగు రాష్ట్రములలో వేలకొలది ఆవులను బలిగొన్న ముద్దచర్మ వ్యాధికి అడ్డుకట్ట వేయుటకు మేకల మశూచి టీకానే ఉపయోగించిరి. ఆ రెండు వైరసులు దగ్గఱి చుట్టములగుటయే కారణము.

ఇచట ఒక ముఖ్య విషయము గమనింపుడు. టీకా వేసిన మఱునాడే రక్షణ రాదు. శరీరము సిద్ధమగుటకు రెండు, మూడు వారములు పట్టును. రోగము దొడ్డిలోనికి వచ్చిన పిమ్మట టీకా కొఱకు పరుగెత్తుట, ఇల్లు అంటుకొన్న తరువాత బావి త్రవ్వించుట వంటిది.

పెద్దరోగము నేర్పిన పాఠము

పెద్దరోగము అను మాట మీలో వయసు మీఱినవారికి జ్ఞాపకముండును. రిండర్‌పెస్ట్ అనునది దాని ఇంగ్లీషు పేరు. కన్నులు, ముక్కు కాఱి, నోరు పుండ్లు పడి, పాఱుడు పట్టి, వారము పది దినములలో పశువు నేల కూలెడిది. ఒక ఊరిలో ప్రవేశించినచో కొట్టములు కొట్టములే ఖాళీ అయ్యెడివి. దున్నుటకు ఎడ్లు లేక పొలములు బీడు పడెడివి.

ముఖ్యముగా ఈ రోగము మూలముననే మన దేశమున పశురోగ పరిశోధన ఆరంభమైనది. 1889లో పూనా నగరమున ఒక ప్రయోగశాలను స్థాపించిరి. అంటురోగపు క్రిములతో పని చేయుటకు జనావాసములకు దూరమైన చోటు కావలెనని 1893లో దానిని హిమాలయ ప్రాంతమునందలి ముక్తేశ్వరమునకు మార్చిరి. అచట ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు పెద్దరోగపు వైరసును మేకనుండి మేకకు అనేక పర్యాయములు ఎక్కించి, దాని తీవ్రతను తగ్గించి, 1927 ప్రాంతమున టీకాగా మార్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1954లో దేశవ్యాప్తముగా నిర్మూలన కార్యక్రమము ప్రారంభమైనది. టీకాలు వేయువారు ఎడ్లబండ్లపైనను, సైకిళ్ళపైనను, కాలినడకను ఊరూరు తిరిగిరి. తరువాత ప్లోరైట్ అను శాస్త్రజ్ఞుడు కెన్యా దేశమున మఱింత సురక్షితమైన టీకాను తయారు చేసెను.

అయినను రోగము వెంటనే పోలేదు. తగ్గెడిది, మరల తల ఎత్తెడిది. కారణమేమి? టీకా మంచిదే, కాని అది అన్ని పశువులకు చేరలేదు. ఊళ్ళో కట్టివేసిన పశువులకు టీకా పడెను; ఊరూరు తిరుగు మందలు తప్పిపోయెను. ఆ తప్పిపోయిన మందలలోనే రోగము దాగియుండెను. ఇది మన దేశమున మాత్రమే కాదు, ఆఫ్రికా ఖండమున కూడ జరిగినది. ఇథియోపియా దేశపు అఫార్ ఎడారిలో వైద్యులు చేరలేని మందలకు 1990 తరువాత ఆ పశుకాపరులకే శిక్షణ ఇచ్చి, ఎండకు తట్టుకొను టీకాలను వారి చేతులమీదుగానే వేయించిరి. రోగము ఎచట ఉన్నదో, ఎచట లేదో వారికి తెలిసినట్లు మఱెవరికి తెలియును? అట్లు చివరి మంద వఱకు పోయినపుడే రోగము అంతరించినది.

మన దేశమున పెద్దరోగము చివరిసారి 1995లో కనబడెను. 2006లో భారతదేశము దాని బారినుండి పూర్తిగా విముక్తమైనట్లు గుర్తింపు పొందినది. 2011లో ప్రపంచమంతటను అది అంతరించినదని ప్రకటించిరి. మనుష్యుల మశూచి తరువాత భూమిమీదనుండి తుడిచివేయబడిన రెండవ రోగము ఇదియే. నేటి పిల్లలకు దాని పేరు కూడ తెలియదు. పెద్దరోగము నేర్పిన పాఠము ఒక్కటే: రోగము టీకా పడిన పశువులను వదలి, టీకా పడని పశువులను ఆశ్రయించి బ్రతుకును.

అన్ని రోగములు ఒకటి కావు

"పెద్దరోగమును తుడిచివేసితిమి కదా, గాలికుంటు ఏల పోదు?" అని మమ్ములను పలువురు ప్రశ్నించుచుందురు. న్యాయమైన ప్రశ్న. పెద్దరోగపు వైరసు ఒక్కటే రకము. ఒక్క టీకాతో పశువునకు దీర్ఘకాలపు రక్షణ లభించెడిది. గాలికుంటు వైరసులో ఏడు రకములు కలవు. ఒక రకమునకు వచ్చిన రక్షణ మఱియొక రకమునకు పనికిరాదు. మన దేశమునకు కావలసిన ఓ, ఏ, ఆసియా-1 అను మూడు రకములను కలిపి టీకా తయారు చేయుదురు. పైగా దాని రక్షణ ఇంచుమించు ఆఱు నెలలకు సన్నగిల్లును. అందుచేతనే ఏటికి రెండు పర్యాయములు వేయించుమని వైద్యులు చెప్పుచున్నారు. "క్రిందటి యేడు వేయించితిమి కదా" అనుట ఈ రోగము విషయమున చెల్లదు. నాలుగు నెలలు నిండిన దూడకు మొదటి టీకా, నెల గడచిన పిమ్మట మఱియొకటి, తరువాత ఆఱు నెలలకొకసారి వేయింపవలెను. వైరసు రకములు మారుచున్నవా, టీకాకు లొంగుచున్నవా అని పరిశీలించుటకే భువనేశ్వరమున ఒక జాతీయ సంస్థ పని చేయుచున్నది. 2019లో కేంద్ర ప్రభుత్వము గాలికుంటు, ఈసుడు రోగములకు దేశవ్యాప్త టీకా కార్యక్రమమును ప్రారంభించినది. చెవికి పండ్రెండు అంకెల బిళ్ళ వేయుట, టీకా పడిన పశువును లెక్కలో గుర్తించుట కొఱకే.

గొఱ్ఱెలకు, మేకలకు వచ్చు పి.పి.ఆర్. అను పారుడు వ్యాధి సంగతి వేఱు. ఇది పెద్దరోగమునకు తమ్ముడు వంటిది. జ్వరము, ముక్కు, కన్నులు కాఱుట, నోట పుండ్లు, దుర్వాసనతో కూడిన పాఱుడు, దగ్గు, ఆపై మరణము. మన దేశమున దీనిని మొదట 1987లో తమిళనాడునందలి అరసూరు గ్రామమున గుర్తించిరి. కాని ఇందు ఒక శుభవార్త కలదు. అన్నవలెనే ఈ తమ్ముడును ఒక్క టీకాకు లొంగును. ముక్తేశ్వరమునందలి శాస్త్రజ్ఞులు తయారు చేసిన టీకా ఒక్కసారి వేసినచో కనీసము మూడేండ్లు రక్షణ ఇచ్చును. అందుచేతనే ప్రపంచ దేశములు 2030 నాటికి ఈ రోగమును కూడ భూమిమీదనుండి తుడిచివేయవలెనని 2015లో సంకల్పించినవి. గొఱ్ఱెల సంఖ్యలో దేశమునకు తలమానికమైన మన రాష్ట్రము ఇందు వెనుకబడినచో ఆ సంకల్పము నెఱవేరదు.

ఒక చిన్న లెక్క

మూడేండ్లు రక్షణ ఉన్నపుడు మూడేండ్లకొకసారి వేయించిన చాలును గదా అని తోచవచ్చును. లెక్క చూతము. మీ మందలో నూఱు గొఱ్ఱెలు కలవనుకొందము. ఈ యేడు నూటికి నూఱు వేయించితిరి. వచ్చు యేటికి ముప్పది గొఱ్ఱెలు అంగడికి పోయెను, ముప్పది పిల్లలు పుట్టి పెరిగెను. ఇప్పుడు మందలో రక్షణ గలవి 70 మాత్రమే. ఆ యేడు పిల్లలకు వేయించలేదు. మఱుసటి యేడును అదే తీరున అమ్మకములు, పుట్టుకలు జరిగినచో రక్షణ గలవి 49. ఆ మఱుసటి యేటికి 34. టీకా చెడలేదు, వైద్యుడు తప్పు చేయలేదు, మీరును తప్పు చేయలేదు. అయినను మూడేండ్లలో మంద మూడింట రెండు వంతులు ఒట్టి మంద అయినది.

మందలో నూటికి 70 నుండి 80 వఱకు రక్షణ ఉన్నచో పారుడు వ్యాధి ఒక పశువునుండి మఱియొక పశువునకు పాఱుటకు దారి దొరకక ఆరిపోవునని శాస్త్రజ్ఞుల అంచనా. నిప్పు ఒక గడ్డివామినుండి మఱియొక వామికి అంటవలెనన్న రెండును దగ్గఱగా ఉండవలెను. నడుమ తడిసిన వాములున్నచో నిప్పు ఆగును. టీకా పడిన గొఱ్ఱె తడిసిన వామి వంటిది. అది తన్ను తాను కాపాడుకొనుటయే గాక, తన వెనుకనున్న పసిపిల్లను కూడ కాపాడును. మీ పొరుగువాని మంద ఒట్టి మంద అయినచో నిప్పు మీ ముంగిట రగులుకొన్నట్లే.

కావున ఏటేట పుట్టిన పిల్లలకు టీకా వేయింపవలెను. అది కూడ మూడు, నాలుగు నెలలు నిండిన పిమ్మటనే. టీకా పడిన తల్లి ముఱ్ఱుపాలు త్రాగిన పిల్లకు ఆ పాల ద్వారా కొన్నాళ్ళ రక్షణ అందును. ఆ రక్షణ ఉన్నంతకాలము పిల్లకు వేసిన టీకా వృథా యగును. పుట్టిన వెంటనే పిల్లచేత ముఱ్ఱుపాలు త్రాగించుట, నాలుగవ నెలలో టీకా వేయించుట, ఈ రెండును కలిపి ఒకే రక్షణ అని తలంపుడు.

మీ సందేహములు

టీకా వేసిన చోట వాచుననియు, ఒకటి రెండు దినములు పాలు తగ్గుననియు మీరు చెప్పుచుందురు. అది నిజమే. శరీరము శత్రువును గుర్తుపట్టుచున్నదనుటకు అది చిహ్నము. రెండు దినముల పాలు తగ్గుట ఒక వైపు, గాలికుంటు వచ్చి నెలల తరబడి పాలు పోవుట మఱియొక వైపు పెట్టి తూచి చూడుడు. నిండు చూడి పశువు విషయమున డాక్టరు చెప్పినట్లు చేసి, ఈనిన పిమ్మట తప్పక వేయింపుడు. నలతగా నున్న పశువునకు వేయించకుడు. ఈసుడు రోగపు టీకా నాలుగు నుండి ఎనిమిది నెలల వయసుగల పెయ్యదూడలకు మాత్రమే.

గ్రామదేవతకు మ్రొక్కుకొనుట మన పల్లెలలో అనాదిగా ఉన్న ఆచారము. మ్రొక్కు మ్రొక్కుగా చెల్లింపుడు, టీకా టీకాగా వేయింపుడు. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

ఇక గొల్ల, కురుమ సోదరుల మాట. "డాక్టరు వచ్చునప్పటికి మా మందలు అడవిలో నుండును" అని మీరు అనుచుందురు. ఇందు తప్పు మీది కాదు. తెల్లవాఱక మునుపే మంద దొడ్డి విడుచునని తెలిసియు పగటిపూట వచ్చినచో ప్రయోజనము లేదు. తేదీని ముందుగా చాటించుట, మంద కదలక మునుపే వచ్చుట శాఖల వంతు. వలస పోవుటకు ముందు పశువైద్యశాలలో తెలుపుట మీ వంతు. టీకా మందు చల్లదనము తప్పినచో నీళ్ళతో సమానము. కావున టీకా వేయుటకు వచ్చినవారిని మంచుపెట్టె ఏదని అడుగుడు. అది మీ హక్కు. అడిగినందుకు ఎవరును కోపించుకొనరాదు.

అంగడిలో జరుగునది

కామారెడ్డి మీదుగా 44వ జాతీయ రహదారి పోవుచున్నది. జిల్లాకు ఒక ప్రక్క మహారాష్ట్రము, ఒక ప్రక్క కర్ణాటకము. 2017లో ఆరంభమైన గొఱ్ఱెల పంపిణీ పథకము క్రింద ఇతర రాష్ట్రములనుండి గొఱ్ఱెలు మన పల్లెలకు వచ్చినవి. ఇన్ని దారులున్న చోట రోగమునకును దారులు ఎక్కువే. క్రొత్తగా కొన్న జీవమును మూడు వారములు వేఱుగా కట్టి, ఆపైననే మందలో కలుపుడు.

అన్నిటికంటె కష్టమైన మాట ఒకటి చెప్పవలసియున్నది. మందలో రెండు గొఱ్ఱెలు పాఱుడు పట్టి పడిపోయినపుడు, మిగిలినవానిని మఱునాడే అంగడికి తోలి వచ్చినంత ధరకు అమ్ముకొందమను ఆలోచన ఏ పేదవానికైనను కలుగును. దానిని మేము నిందింపము. పిల్లల కడుపు నింపవలసినవాని బాధ అది. కాని పైకి బాగున్న గొఱ్ఱెలో కూడ రోగము అప్పటికే చేరియుండును. అది ఆ దినమున అంగడిలోని పది ఊళ్ళ మందలకు అంటును. రేపు మీరు మరల కొనుటకు పోవునది ఆ ఊళ్ళకే. మీరు అమ్మిన రోగమును మీరే కొని తెచ్చుకొందురు. ఇట్టి రోగములను దాచకుండ తెలుపవలెనని 2009 నాటి చట్టము కూడ శాసించుచున్నది. చట్టమునకు భయపడి కాదు, పొరుగువాని పిల్లలను తలచుకొని తెలుపుడు. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమునకు కబురు అందును.

అట్లే వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు పశువులకును, చిటుకు రోగపు టీకా గొఱ్ఱెలకును మఱవక వేయింపుడు. ఇట్టి టీకాలు మన హైదరాబాదు నగరమునందలి శాంతినగరు సంస్థలోనే తయారగుచు వచ్చినవి. ఉన్నట్టుండి చచ్చి ముక్కున, నోట నల్లని రక్తము కాఱిన పశువును కోయకుడు, చర్మము ఒలువకుడు. అది దొమ్మరోగము కావచ్చును. మనుష్యులకు కూడ అంటును. డాక్టరునకు తెలిపి, సున్నము చల్లి లోతుగా పూడ్చిపెట్టుడు.

సోదర సోదరీమణులారా! పరిశోధకుడు తన వంతు చేసెను. నూఱేండ్లకు పైగా కొండలమీదను, ప్రయోగశాలలలోను శ్రమించి టీకాను మన చేతికి ఇచ్చెను. ఆ టీకాకు కాళ్ళు లేవు. దానిని ముక్తేశ్వరమునుండి, హైదరాబాదునుండి ఎల్లారెడ్డి వఱకు తెచ్చుట ప్రభుత్వపు పని. ఎల్లారెడ్డినుండి అడవి అంచున మేయుచున్న చివరి గొఱ్ఱె వఱకు తీసికొని పోవుట మీరు లేక జరుగదు. ఈ యేడు పుట్టిన పిల్లలలో ఎన్నింటికి టీకా పడినదో నేటి సాయంకాలమే మీ దొడ్డికి పోయి లెక్కించి చూడుడని మనవి చేయుచున్నాము.